పీఎల్‌సీని తీగ దగ్గర నుంచి పరిచయం చేయండి

సంపాదకుల వారికి నమస్కారాలు.

పరిశ్రమల్లో ఆటోమేషన్ గురించి పత్రికల చదువుల పేజీల్లో వచ్చే వ్యాసాలను నేను వదలకుండా చదువుతుంటాను. వాటిలో రోబోల గురించి, కృత్రిమ మేధ గురించి కావలసినంత ఉంటుంది. యంత్రాలను రాత్రీ పగలూ నడిపించే పీఎల్‌సీ, అంటే ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్, ప్రస్తావన వచ్చేసరికి మాత్రం ‘ఇది కర్మాగారాల్లో వాడే చిన్న కంప్యూటర్, నేర్చుకుంటే మంచి అవకాశాలు ఉంటాయి’ అనే ఒక్క వాక్యంతో సరిపెడుతున్నారు. ఆ వాక్యంలో అబద్ధం లేదు. కానీ దాన్ని నమ్ముకుని ఈ రంగంలోకి వచ్చిన పిల్లలు నేరుగా సాఫ్ట్‌వేర్ తెరిచి గుర్తులు పేర్చడం నేర్చుకుంటున్నారు. పీఎల్‌సీ, దాని తీగలు ఉండే ప్యానెల్ పెట్టె తలుపు తీసి, ఫలానా తీగ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూపించమంటే తడబడుతున్నారు. చాలా ఏళ్లుగా విద్యుత్ నిర్వహణ విభాగంలో పనిచేస్తూ, కొత్తగా చేరినవాళ్లకు ఈ పని నేర్పుతున్న మనిషిగా నా మనవి ఒక్కటే: పీఎల్‌సీని పాఠకులకు తెర మీది ప్రోగ్రాం నుంచి కాకుండా ప్యానెల్‌లోని తీగ నుంచి పరిచయం చేయండి. ఎందుకో కాస్త వివరంగా రాస్తున్నాను, నిడివిని మన్నించగలరు.

పీఎల్‌సీ పుట్టిందే తీగలతో వేగలేక. అంతకుముందు యంత్రాల నియంత్రణ రిలేలతో జరిగేది. రిలే అంటే తన కాయిల్‌కు కరెంటు అందగానే అయస్కాంతంగా మారి, కొన్ని కాంటాక్టులను కలిపి, కొన్నింటిని విడదీసే పరికరం. ‘తలుపు మూసి ఉండి, నూనె ఒత్తిడి సరిపడా ఉంటేనే మోటారు తిరగాలి’ అనే చిన్న షరతుకు కూడా కాంటాక్టులను తీగలతో వరసగా కలపాల్సి వచ్చేది. పెద్ద యంత్రానికి ఇలాంటి రిలేలు వందల సంఖ్యలో ఉండేవి. షరతు మారితే తీగలు విప్పి మళ్లీ కలపాలి. ఏదైనా ఒక కాంటాక్టు మసిబారితే అది ఏదో కనిపెట్టడానికి గంటలు పట్టేది. కార్ల తయారీలో మోడల్ మారినప్పుడల్లా ఈ పని మొదటి నుంచి చేయాల్సి రావడంతో, అమెరికాలోని జనరల్ మోటార్స్‌కు చెందిన హైడ్రా-మాటిక్ విభాగం 1968లో రిలేలకు బదులుగా పనిచేసే ఎలక్ట్రానిక్ పరికరం కావాలని తయారీదారులను అడిగింది. డిక్ మోర్లీ, ఆయన సహచరులు నడిపిన బెడ్‌ఫర్డ్ అసోసియేట్స్ అనే సంస్థ రూపొందించిన పరికరం ఎంపికైంది. ఆ సంస్థ చేపట్టిన 84వ పని కనుక దానికి 084 అని పేరు పెట్టారు. దాన్ని తయారుచేసి అమ్మడానికి స్థాపించిన కంపెనీకి మాడ్యులర్ డిజిటల్ కంట్రోలర్ అనే మాటలను కుదించి మోడికాన్ అని పేరు పెట్టారు.

ఈ చరిత్రను నేను తలచుకునేది పేర్ల కోసం, సంవత్సరాల కోసం కాదు. కొత్త పరికరాన్ని కర్మాగారంలో అప్పటికే పనిచేస్తున్న ఎలక్ట్రీషియన్లే అర్థం చేసుకుని, మార్చుకుని, మరమ్మతు చేసుకోగలగాలన్నది మొదటి నుంచీ ఉన్న అవసరం. అందుకే దాని ప్రోగ్రాం రాసే పద్ధతిని కంప్యూటర్ భాషల నుంచి తీసుకోకుండా రిలే సర్క్యూట్ బొమ్మల నుంచే తీసుకున్నారు. ఎడమవైపు ఒక నిలువు గీత, కుడివైపు మరొక నిలువు గీత, వాటి మధ్య అడ్డంగా మెట్లు. ప్రతి మెట్టు మీదా ఎడమ నుంచి షరతులు, కుడి చివర ఫలితం. చూడడానికి నిచ్చెనలా ఉంటుంది కనుక దాన్ని ల్యాడర్ అన్నారు. వైరింగ్ బొమ్మ చదవడం వచ్చిన మనిషికి పీఎల్‌సీ సగం వచ్చినట్లే. ఈ సంగతి మన వ్యాసాల్లో ఎక్కడా కనిపించకపోవడం వల్ల, ఏళ్ల తరబడి ప్యానెళ్లు కట్టిన అనుభవజ్ఞులు కూడా ‘అది కంప్యూటర్ వాళ్ల పని, మనకెందుకు’ అని దూరంగా ఉండిపోతున్నారు. నాకు నిజంగా బాధ కలిగించేది ఇదే.

ఇక పీఎల్‌సీ పనిచేసే తీరు. బయటి నుంచి వచ్చే తీగలు ఇన్‌పుట్ మాడ్యూల్‌కు చేరతాయి. బటన్లు, లిమిట్ స్విచ్‌లు, సెన్సర్లు అన్నీ ఇటువైపే. వాటి మీద సాధారణంగా 24 వోల్టుల డీసీ ఉంటుంది. ఆ వోల్టేజి నేరుగా ప్రాసెసర్‌ను తాకదు. లోపల ఒక చిన్న ఎల్ఈడీ వెలిగి, దాని వెలుతురు అవతలి వైపున్న గ్రాహకం మీద పడితే, ఆ వెలుతురు ద్వారానే సమాచారం దాటుతుంది. బయట తీగ మీద అధిక వోల్టేజి వచ్చినా మెదడుదాకా పోకుండా ఆపడానికి ఈ ఏర్పాటు. రెండోవైపు అవుట్‌పుట్ మాడ్యూల్ ఉంటుంది. పీఎల్‌సీ మోటారును స్వయంగా తిప్పదని ఇక్కడ గట్టిగా చెప్పాలి. అవుట్‌పుట్ ఇచ్చే కొద్దిపాటి కరెంటు ఒక రిలేనో, కాంటాక్టర్ కాయిల్‌నో లాగుతుంది. కాంటాక్టర్ అంటే పెద్ద కరెంటును మోయగల పెద్ద రిలే; అది మూసుకుంటే మోటారుకు త్రీఫేజ్ కరెంటు అందుతుంది.

ఈ రెండింటి మధ్య ప్రాసెసర్ చేసే పనిని స్కాన్ అంటారు. మొదట అన్ని ఇన్‌పుట్లనూ ఒకసారి చదివి, ఫొటో తీసినట్లు వాటి స్థితిని మెమరీలో రాసుకుంటుంది. తరువాత ప్రోగ్రాంను మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు వరకు ఆ ఫొటో ఆధారంగా లెక్కిస్తుంది. చివరికి ఫలితాలను ఒక్కసారిగా అవుట్‌పుట్లకు పంపి, మళ్లీ మొదటికి వస్తుంది. ప్రోగ్రాం పొడవును బట్టి, యంత్రాన్ని బట్టి ఇదంతా కొన్ని మిల్లీసెకన్ల నుంచి కొన్ని పదుల మిల్లీసెకన్లలో పూర్తవుతుంది. నిర్ణీత వ్యవధిలో పూర్తికాకపోతే, వాచ్‌డాగ్ అనే కాపలా టైమర్ ఏదో తేడా జరిగిందని నిర్ధారించి పీఎల్‌సీని ఆపేస్తుంది. ఆగినప్పుడు అవుట్‌పుట్లు మామూలుగా ఆఫ్ అయిపోతాయి. ఇంట్లోని కంప్యూటర్ కాసేపు బిగుసుకుపోతే మనం ఓపికగా ఎదురుచూస్తాం. లోహాన్ని నొక్కే ప్రెస్సు కిందకు దిగుతున్నప్పుడు అలా ఎదురుచూడడం కుదరదు. పీఎల్‌సీకి అసలైన గొప్పదనం వేగం కాదు, చెప్పిన గడువులోగా జవాబివ్వడం, ఇవ్వలేనప్పుడు ముందే నిర్ణయించిన పద్ధతిలో ఆగిపోవడం. ‘చిన్న కంప్యూటర్’ అనే మాటలో తప్పిపోతున్నది సరిగ్గా ఇదే.

స్కాన్ అర్థం కానివాళ్లకు రెండు చిక్కులు తప్పవు. ఒక సీసా ఫొటో సెన్సర్ ముందు నుంచి 5 మిల్లీసెకన్లలో దాటిపోతోందనుకుందాం, స్కాన్‌కు 20 మిల్లీసెకన్లు పడుతోందనుకుందాం. రెండు ఫొటోల మధ్య ఆ సీసా వచ్చి వెళ్లిపోవచ్చు, అప్పుడు లెక్కలోకి రాదు. సెన్సర్ మంచిదే, తీగ మంచిదే, ప్రోగ్రాం మంచిదే, అయినా లెక్క తప్పుతుంది. అలాంటి చోట స్కాన్‌తో సంబంధం లేకుండా లెక్కించే హైస్పీడ్ కౌంటర్ ఇన్‌పుట్‌ను వాడాలి. రెండోది, ఒకే అవుట్‌పుట్‌ను తెలియక రెండు మెట్ల మీద రాయడం. ఐదో మెట్టు ‘మోటారు తిరగాలి’ అంటుంది, నలభయ్యో మెట్టు ‘వద్దు’ అంటుంది. ఫలితాలు స్కాన్ చివరనే బయటకు పోతాయి కనుక కింది మెట్టు మాటే చెల్లుతుంది. తెర మీద ఐదో మెట్టు పచ్చగా వెలుగుతూనే ఉంటుంది, మోటారు మాత్రం కదలదు. ఇది తెలియక మోటారునూ, కాంటాక్టర్‌నూ, చివరికి అవుట్‌పుట్ మాడ్యూల్‌నూ మార్చేసినవాళ్లను నేను చూశాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ప్రతి శిక్షణలోనూ మొదటి పాఠం స్టార్ట్, స్టాప్ బటన్లతో ఒక మోటారు. స్టార్ట్ నొక్కితే అవుట్‌పుట్ ఆన్ అవుతుంది. ఆ అవుట్‌పుట్‌కే చెందిన కాంటాక్టును స్టార్ట్‌కు సమాంతరంగా పెడతారు కనుక, బటన్ మీద నుంచి వేలు తీసినా అది తనను తాను పట్టుకుని ఉంటుంది. కరెంటు పోతే ఆ పట్టు జారిపోతుంది. తిరిగి వచ్చినప్పుడు ఎవరో ఒకరు స్టార్ట్ నొక్కేదాకా మోటారు తిరగదు. ఈలోగా బెల్టు మీద చెయ్యి పెట్టిన మనిషిని కాపాడేది ఈ ఒక్క చిన్న ఏర్పాటే. రిలేల కాలం నుంచీ వస్తున్న తెలివి ఇది.

ఇక స్టాప్ బటన్. దీనికి ఎన్‌సీ (నార్మల్లీ క్లోజ్డ్) కాంటాక్టు వాడాలి, అంటే నొక్కనప్పుడు మూసుకుని ఉండి, నొక్కితే తెరుచుకునేది. అప్పుడు మామూలు స్థితిలో ఇన్‌పుట్‌కు 24 వోల్టులు అందుతూ, దాని లైటు వెలుగుతూ ఉంటుంది. ఆ ఇన్‌పుట్‌కు ప్రోగ్రాంలో మాత్రం ఎన్ఓ (నార్మల్లీ ఓపెన్) గుర్తు, అంటే అడ్డగీత లేని కాంటాక్టు గుర్తు, పెట్టాలి. కొత్తవాళ్లందరూ తడబడేది ఇక్కడే: బయట ఎన్‌సీ అయితే లోపలా ఎన్‌సీ ఉండాలి కదా అంటారు. లోపలి గుర్తు బటన్ బొమ్మ కాదు. ‘ఈ టెర్మినల్ మీద వోల్టేజి ఉందా?’ అని ప్రాసెసర్ వేసుకునే ప్రశ్న అది. వోల్టేజి ఉంటే ముందుకు సాగు, లేకపోతే ఆపు. ఇంత చిన్న సంగతి తెర మీద ఎంతసేపు చూసినా అర్థం కాదు. ప్యానెల్ ముందు నిలబడి, బటన్ నొక్కినప్పుడు ఇన్‌పుట్ లైటు ఆరిపోవడం కళ్లారా చూస్తే ఒక్క నిమిషంలో అర్థమవుతుంది.

నేను ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో ఒకచోట సంచులు మోసే బెల్టు కన్వేయర్ దగ్గర పనిచేశాను. దాని స్టాప్ బటన్‌ను ఎన్ఓగా, అంటే నొక్కితేనే మూసుకునేలా, వైరింగ్ చేసి, ప్రోగ్రాంలో అడ్డగీత ఉన్న గుర్తు పెట్టారు. నొక్కితే ఆగేది, ఎవరికీ అనుమానం రాలేదు. ఒక రోజు రాత్రి షిఫ్టులో ఒక సంచి పక్క రేకులో ఇరుక్కుంది. నా తోటి పనివాడు స్టాప్ నొక్కి, బెల్టు ఆగుతుందన్న నమ్మకంతో సంచిని లాగబోయాడు. బెల్టు ఆగలేదు. మళ్లీ నొక్కాడు, అయినా ఆగలేదు. అప్పటికే అతని చేతి తొడుగు కొస రోలరుకు, బెల్టుకు మధ్యన పడింది. మూడు అడుగుల దూరంలో ఉన్న ఎర్ర పుట్టగొడుగు బటన్‌ను, అంటే ఎమర్జెన్సీ స్టాప్‌ను, నేను కొట్టాను. దాని తీగ పీఎల్‌సీకి వెళ్లదు, నేరుగా కాంటాక్టర్ కాయిల్ సరఫరాను తెంచుతుంది. బెల్టు ఆగింది. తొడుగు చిరిగి, వేలి మీది చర్మం గీరుకుపోవడంతో అతను బయటపడ్డాడు.

తరువాత ప్యానెల్ తెరిచి చూశాం. అతనిని మళ్లీ స్టాప్ నొక్కమన్నాను. వెలగాల్సిన నాలుగో ఇన్‌పుట్ లైటు వెలగలేదు. టెర్మినల్ స్క్రూ మీద స్క్రూడ్రైవర్ పెడితే ఏ పట్టూ లేకుండా అర చుట్టు తిరిగింది; తీగ కొస దాని కింద నుంచి ఎప్పుడో జారిపోయి ఉంది. యంత్రం అదురుకు అలా వదులైపోయింది. ఎన్నాళ్లుగా అలా ఉందో ఎవరూ చెప్పలేకపోయారు, ఎందుకంటే షిఫ్టు చివర బెల్టును వేరే చోట నుంచి ఆపేవాళ్లు. ప్రోగ్రాం చూసిన ఇంజినీరు ‘ఇందులో తప్పు లేదు’ అన్నారు. నిజమే, లేదు. స్టాప్ బటన్ ఎన్‌సీ అయి ఉంటే, ఆ తీగ జారిన క్షణానే బెల్టు ఆగిపోయేది. ఎందుకు ఆగిందా అని అరగంట వెతుక్కునేవాళ్లం, ఉత్పత్తి ఆగిందని చీవాట్లు తినేవాళ్లం. కానీ ఒక మనిషి వేలు ఆ లోపాన్ని కనిపెట్టాల్సిన అవసరం వచ్చేది కాదు. బటన్ వెనక కాంటాక్టు ముక్కను మార్చి, ప్రోగ్రాంలో ఒక్క అడ్డగీత తీసేయడానికి మాకు పది నిమిషాలు పట్టింది.

అతనిని కాపాడిన ఎమర్జెన్సీ స్టాప్ విషయంలో ఇంకొక మాట. దాన్ని మామూలు పీఎల్‌సీ ప్రోగ్రాం మీద వదలకూడదు. అవుట్‌పుట్ రిలే కాంటాక్టు అతుక్కుపోవచ్చు, ట్రాన్సిస్టర్ షార్ట్ కావచ్చు. ప్రోగ్రాం ‘ఆఫ్’ అన్నా కరెంటు పోతూనే ఉంటుంది. అందుకే దీనికి రెండు వేర్వేరు తీగల మార్గాలతో పనిచేసి, ఆ రెండూ ఒకదానితో ఒకటి ఏకీభవిస్తున్నాయో లేదో చూసే సేఫ్టీ రిలేను గానీ, ఐఈసీ 61508 వంటి ప్రమాణాల ప్రకారం ధ్రువీకరించిన సేఫ్టీ పీఎల్‌సీని గానీ వాడతారు. పరిచయ వ్యాసాల్లో ఎమర్జెన్సీ బటన్‌ను మామూలు ఇన్‌పుట్‌గా చూపించే బొమ్మలు నేను చూశాను. దయచేసి అలాంటివి ప్రచురించకండి.

తీగ తెగితే తెలియాలన్న ఆలోచన బటన్ల దగ్గరే ఆగదు. ఒత్తిడి, ఉష్ణోగ్రత, మట్టం వంటి కొలతలను పంపే పరికరాలు 4 నుంచి 20 మిల్లీయాంపుల కరెంటు రూపంలో విలువను చెబుతాయి. 0 నుంచి 10 బార్ (ఒత్తిడి కొలమానం) వరకు కొలిచే ప్రెషర్ ట్రాన్స్‌మిటర్‌లో 4 మిల్లీయాంపులంటే సున్నా బార్, 20 అంటే 10 బార్, 12 అంటే సరిగ్గా 5 బార్. సున్నాను 4 దగ్గర ఎందుకు పెట్టారని విద్యార్థులు అడుగుతారు. 0 నుంచి మొదలుపెట్టి ఉంటే, బాయిలరులో ఒత్తిడి నిజంగానే లేదో, తీగ తెగిపోయిందో పీఎల్‌సీకి తెలిసే దారి లేదు. ఇప్పుడు కరెంటు 3.6 మిల్లీయాంపులకు పడిపోయిందంటే అది కొలత కాదు, లోపం అని గుర్తించి హెచ్చరిక ఇవ్వవచ్చు. స్టాప్ బటన్‌కు ఎన్‌సీ ఎందుకో తెలిసిన విద్యార్థికి ఈ 4 ఎందుకో ఎవరూ చెప్పనక్కర్లేదు, తానే చెబుతాడు. తీగ నుంచి మొదలుపెట్టడం వల్ల లాభం ఇదే.

భాషల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఐఈసీ 61131-3 అనే అంతర్జాతీయ ప్రమాణం 1993లో వచ్చింది. అందులో ల్యాడర్, ఫంక్షన్ బ్లాక్ డయాగ్రం, స్ట్రక్చర్డ్ టెక్స్ట్, ఇన్‌స్ట్రక్షన్ లిస్ట్, సీక్వెన్షియల్ ఫంక్షన్ చార్ట్ అని అయిదు పద్ధతులు పెట్టారు. వీటిలో ఇన్‌స్ట్రక్షన్ లిస్ట్‌ను 2013 నాటి కూర్పులో ఇక వాడకుండా విడిచిపెట్టవలసినదిగా ప్రకటించారు. లెక్కలు ఎక్కువగా ఉన్నచోట స్ట్రక్చర్డ్ టెక్స్ట్, ఒక అడుగు తరువాత మరొక అడుగుగా నడిచే పనులకు సీక్వెన్షియల్ చార్ట్ బాగుంటాయి. అర్ధరాత్రి ఆగిపోయిన యంత్రం దగ్గర నిలబడి లోపం వెతకాల్సి వస్తే నాకు మాత్రం ల్యాడరే కావాలి. ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలన్నది తరువాతి ప్రశ్న. స్కాన్, ఇన్‌పుట్, అవుట్‌పుట్, టైమర్, కౌంటర్ అర్థమైతే కంపెనీ మారినప్పుడు మారేవి మెనూలే.

భద్రత అంటే తీగల భద్రత మాత్రమే కాదని 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ చూపించింది. ఇరాన్‌లోని నతాంజ్ యురేనియం శుద్ధి కేంద్రాన్ని లక్ష్యంగా చేసుకున్న ఆ వైరస్, పీఎల్‌సీలకు ప్రోగ్రాం ఎక్కించే విండోస్ కంప్యూటర్ల ద్వారా సీమెన్స్ పీఎల్‌సీలలోకి చేరి, సెంట్రిఫ్యూజ్‌ల వేగాన్ని మార్చింది. పర్యవేక్షించేవాళ్లకు మాత్రం అంతా సవ్యంగా ఉన్నట్లు కనిపించేలా చేసింది. పీఎల్‌సీలు మాట్లాడుకునే పద్ధతుల్లో పాతది, నేటికీ విస్తారంగా వాడుకలో ఉన్నది మోడ్‌బస్. 1979లో మోడికాన్ రూపొందించిన ఆ పద్ధతిలో, ఆజ్ఞ ఇస్తున్నది ఎవరో అడిగే ఏర్పాటే లేదు. అందువల్ల ఎవరి పెన్‌డ్రైవ్‌నూ ప్రోగ్రామింగ్ ల్యాప్‌టాప్‌కు పెట్టకపోవడం, పీఎల్‌సీ మీద తాళం ఉంటే దాన్ని రన్ స్థానంలో ఉంచి తాళంచెవి తీసి భద్రపరచడం, ఎప్పటికప్పుడు ప్రోగ్రాం నకలు తీసి దాచుకోవడం నిర్వహణ సిబ్బందికి చెప్పితీరాలి. ఆ నకలు అవసరం పడేది దాడులప్పుడే కాదు. పాత పీఎల్‌సీల్లో ప్రోగ్రాంను నిలిపి ఉంచేది ఒక చిన్న బ్యాటరీ. అది అయిపోయిన రోజున కరెంటు పోతే, తిరిగి వచ్చేసరికి పీఎల్‌సీ ఖాళీగా ఉంటుంది. ప్రోగ్రాం రాసిన మనిషి ఉద్యోగం మారిపోయి, నకలు ఎక్కడా లేక, తీగలు ఒక్కొక్కటే పట్టుకుని ప్రోగ్రాంను మళ్లీ రాసుకున్న వారం నాకు ఇంకా గుర్తుంది.

ఇన్ని సంగతులూ ఒకే వ్యాసంలో పట్టవని నాకు తెలుసు. అన్నీ రాయమని అడగడం లేదు. మీ చదువుల పేజీలో పీఎల్‌సీ గురించి ఈసారి రాసేటప్పుడు రోబో చేతి ఫొటో బదులు ఒక తెరిచిన ప్యానెల్ ఫొటో వేయండి: ఇన్‌పుట్ మాడ్యూల్, దాని మీద వరుసగా వెలిగే లైట్లు, ఒక స్టాప్ బటన్, దాని నుంచి వచ్చే రెండు తీగలు. పక్కనే మూడు గుర్తులున్న ఒకే ఒక్క ల్యాడర్ మెట్టు వేయండి. రాసేవాళ్లు ప్రోగ్రామర్ల దగ్గరికే కాకుండా, ప్యానెళ్లు కట్టే ఎలక్ట్రీషియన్ల దగ్గరికి కూడా వెళ్లి అడిగి రాస్తే మరీ మంచిది.

మా దగ్గర కొత్తగా చేరినవాళ్లకు మొదటి వారం ల్యాప్‌టాప్ ఇవ్వను. శిక్షణ కోసం ఉంచిన చిన్న బెల్టును నడిపించి, చేతికి ఇన్సులేషన్ ఉన్న స్క్రూడ్రైవర్ ఇచ్చి, 24 వోల్టుల స్టాప్ బటన్ తీగను టెర్మినల్ నుంచి విప్పమంటాను. ఇన్‌పుట్ లైటు ఆరుతుంది, కాంటాక్టర్ టక్కుమని వదులుతుంది, బెల్టు ఆగుతుంది. తరువాత తీగను మళ్లీ బిగించమంటాను. లైటు వెలుగుతుంది, బెల్టు మాత్రం కదలదు. ఎందుకు కదలలేదో వాళ్లే చెప్పేదాకా ఎదురుచూసి, అప్పుడు ప్రోగ్రాం తెరుస్తాను.

ఇట్లు,
పారిశ్రామిక విద్యుత్ నిర్వహణ రంగంలో పనిచేస్తున్న మీ పాఠకుడు